చల్లటి మాలిక్యూల్స్‌తో ప్రకృతి స్థిరాంకాలు మారుతున్నాయా అని చూడటం, అసలు ఇది ఎలా సాధ్యం?

తోకచుక్క:
అందరికీ నమస్తే. వారం నుంచి ఇదే బుర్రలో తిరుగుతోంది, ఇక్కడైతే తెలిసినవాళ్లు ఉంటారని అడుగుతున్నా. స్థిరాంకం అంటేనే మారనిది కదా, మరి అవి మారుతున్నాయేమో చూద్దామని మాలిక్యూల్స్‌ని దాదాపు సున్నా కెల్విన్ (మైనస్ 273 డిగ్రీలు) దాకా చల్లబరిచి మరీ కొలుస్తున్నారట. ఒకవేళ నిజంగానే మారితే మనం కొలిచే స్కేలు కూడా దాంతోపాటే మారిపోతుంది కదా, ఇంక మారినట్టు తెలిసేదెలా? చల్లబరచడం దేనికి, మామూలు గ్యాస్‌లో కొలిస్తే రాదా? అన్నిటికంటే పెద్ద డౌట్ ఏంటంటే ఆటమిక్ క్లాకులు అంత పక్కాగా నడుస్తుంటే మధ్యలో ఈ మాలిక్యూల్స్ ఎందుకు? ఓపికగా చెప్పండి, ఫిజిక్స్ డిగ్రీతో ఆపేశాను.

లెక్కలపిచ్చి:
మొదటి డౌట్ చాలా మంచిది, చాలామంది దాన్ని దాటేసి వెళ్లిపోతారు. "కాంతి వేగం మారిందా" అని అడిగితే ఆ ప్రశ్నకి అర్థం లేదు, ఎందుకంటే 1983 నుంచి మీటరు అనేదాన్నే సెకనుకి 299792458 మీటర్లు అని కాంతి వేగంతో నిర్వచించుకున్నాం. కాంతి వేగం మారినా మీటరు కూడా దాంతోపాటే మారుతుంది, మనకి అదే అంకె వస్తుంది. కాబట్టి అడగాల్సింది ఏ యూనిట్లూ లేని ఉత్త అంకెల గురించి. అలాంటివి రెండు ముఖ్యం ఇక్కడ. ఒకటి ఆల్ఫా, ఫైన్ స్ట్రక్చర్ స్థిరాంకం, సుమారు 1/137.036, విద్యుదయస్కాంత బలం ఎంత గట్టిదో చెప్పేది. రెండోది మ్యూ, ప్రోటాన్ బరువు ఎలక్ట్రాన్ బరువుకి ఎన్ని రెట్లు అనేది, 1836.15. కిలోల్లో తూచినా ఇంకెందులో తూచినా ప్రోటాన్ 1836.15 ఎలక్ట్రాన్ల బరువే, ఆ అంకె మారిందంటే మాత్రం నిజంగా ఏదో మారినట్టే.

ఈ అనుమానం కొత్తది కూడా కాదు, 1937లో డిరాక్ గురుత్వ స్థిరాంకం విశ్వం వయసుతోపాటు తగ్గుతోందేమో అని రాశాడు. ఆయన చెప్పిన రూపంలో నిలవలేదు గానీ ప్రశ్న మాత్రం నిలబడింది.

ఇంకో మాట, తెలుగులో అణువు అంటే మాలిక్యూల్, పరమాణువు అంటే ఆటమ్, కానీ అణుబాంబు అణుశక్తి అని వాడి వాడి రెండూ కలిసిపోయాయి, అందుకే ఈ థ్రెడ్‌లో మాలిక్యూల్, ఆటమ్ అనే రాద్దాం.

సున్నాకెల్విన్:
దీనికి తోడు ఒక్లో గురించి చెప్పాలి. ఆఫ్రికాలో గాబన్ దేశంలో, సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట యురేనియం గనిలో దానంతటదే న్యూక్లియర్ రియాక్టర్ నడిచింది, 1972లో బయటపడింది. అక్కడ మిగిలిన సమేరియం ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు) చూసి అప్పటి ఆల్ఫా ఇప్పటి ఆల్ఫాకి ఎంత దగ్గరో లెక్కగట్టారు, సుమారు కోటిలో ఒక వంతు కంటే ఎక్కువ తేడా కనపడలేదు. రాయి చెప్పిన సాక్ష్యం అది, నాకు ఎప్పుడు తల్చుకున్నా ఒళ్లు జలదరిస్తుంది.

లేజర్‌పిల్ల:
నేను చల్లటి మాలిక్యూల్స్ మీదే పీహెచ్‌డీ చేస్తున్నా, రెండో డౌట్ నాకు వదిలేయండి, కొంచెం పెద్దగా రాస్తా.

మాలిక్యూల్‌కి మూడు రకాల కదలికలు ఉంటాయి, ఎలక్ట్రాన్ పై లెవెల్‌కి ఎగరడం ఒకటి, లోపలి ఆటమ్‌లు స్ప్రింగు కట్టినట్టు ఊగడం ఇంకొకటి, మొత్తం బొంగరంలా తిరగడం మూడోది. ఎలక్ట్రాన్ ఎనర్జీలో మ్యూ పాత్ర దాదాపు ఉండదు, ఊగడం మ్యూ వర్గమూలానికి విలోమంగా పోతుంది, తిరగడం నేరుగా మ్యూకి విలోమంగా పోతుంది. అంటే ఒకే మాలిక్యూల్‌లో మూడు గడియారాలు ఉన్నట్టు, ప్రోటాన్ కొంచెం బరువెక్కితే ఒకటి అలాగే నడుస్తుంది, ఒకటి కొంచెం నెమ్మదిస్తుంది, ఒకటి దానికి రెట్టింపు నెమ్మదిస్తుంది. వాటిని ఒకదానితో ఒకటి పోల్చి చూడటమే పనంతా.

ఇందులో కొన్ని మాలిక్యూల్స్ మరీ సున్నితం. అమ్మోనియా తీసుకోండి, నైట్రోజన్ ఒకటి హైడ్రోజన్లు మూడు, గొడుగు ఆకారం. గట్టి గాలికి గొడుగు వెనక్కి తిరగబడినట్టు ఆ హైడ్రోజన్లు మూడూ అటు నుంచి ఇటు తిరగబడుతుంటాయి, దాటడానికి చాలినంత ఎనర్జీ లేకపోయినా క్వాంటం టనెలింగ్‌తో దాటేస్తాయి. ఆ తిరగబడే ఫ్రీక్వెన్సీ సుమారు 24 గిగాహెర్ట్జ్. టనెలింగ్ బరువు మీద ఎక్స్‌పొనెన్షియల్‌గా ఆధారపడుతుంది కాబట్టి మ్యూ ఒక వంతు మారితే ఈ ఫ్రీక్వెన్సీ దాదాపు నాలుగున్నర వంతులు వ్యతిరేక దిశలో మారుతుంది.

ఇక చల్లదనం. మామూలు గది వేడిలో అమ్మోనియా మాలిక్యూల్ సెకనుకి 600 మీటర్ల వేగంతో పరిగెడుతుంది, మన పరికరంలో ఒక మీటరు దాటడానికి రెండు మిల్లీసెకన్లు కూడా పట్టదు. ఎంతసేపు చూడగలిగితే లైను (మాలిక్యూల్ ఒక లెవెల్ నుంచి ఇంకోదానికి మారే ఫ్రీక్వెన్సీ దగ్గర కనపడే గుర్తు) అంత సన్నగా వస్తుంది, ఇది ప్రకృతి నియమం, దీన్ని ఏ లేజరూ తప్పించలేదు. రెండు మిల్లీసెకన్లు చూస్తే లైను వందల హెర్ట్జ్ వెడల్పు ఉంటుంది. అందుకే నెమ్మది చేయాలి. మిల్లీకెల్విన్‌కి తెస్తే వేగం సెకనుకి ఒక మీటరు చుట్టూ పడిపోతుంది, అంటే మనిషి నడక.

తోకచుక్క:
లేజర్‌పిల్ల గారూ, గొడుగు ఉదాహరణ బాగా ఎక్కింది, థాంక్స్ అండి. కానీ అలా నెమ్మది చేయడం ఎలా? ఫ్రిజ్‌లో పెట్టినట్టు చల్లబరిస్తే గడ్డకట్టి గోడకి అంటుకుంటుంది కదా?

లేజర్‌పిల్ల:
అవును, అంటుకుంటుంది, అందుకే గోడకి తగలకుండా ఆపాలి. 1999లో మేయర్, బెత్లెమ్ వాళ్ల గ్రూపు కార్బన్ మోనాక్సైడ్‌తో స్టార్క్ డిసలరేటర్ చేసి చూపించారు. మాలిక్యూల్‌కి ఒక చివర కాస్త ప్లస్, ఇంకో చివర కాస్త మైనస్ ఉంటుంది కాబట్టి కరెంటు ఫీల్డు దానికి కొండలా కనపడుతుంది. కొండ ఎక్కేటప్పుడు వేగం తగ్గుతుంది, సరిగ్గా కొన మీదికి వచ్చాక ఫీల్డు ఆపేస్తారు, కొండే మాయమైపోతుంది, దిగే అవకాశం ఉండదు కాబట్టి పోయిన వేగం తిరిగి రాదు, మళ్లీ ఇంకో కొండ. ఇలా పదుల కొద్దీ స్టేజీలు, మైక్రోసెకన్ల టైమింగుతో.

ఆటమ్‌లకి లాగా లేజర్ కూలింగ్ నేరుగా ఎందుకు చేయరు అని అడుగుతారని ముందే చెప్తున్నా, మాలిక్యూల్ ఒక ఫోటాన్ మింగి వదిలేటప్పుడు ఏదో ఒక ఊగే లెవెల్‌లోకి జారిపోతుంది, ఇక ఆ లేజర్ దానికి కనపడదు. చల్లబరచాలంటే వేల ఫోటాన్లు మింగించాలి. ఎక్కువ జారిపోని మాలిక్యూల్స్‌ని ఏరుకుని, జారినవాటిని వెనక్కి తెచ్చే అదనపు లేజర్లు పెట్టి, 2010లో యేల్‌లో స్ట్రాన్షియం ఫ్లోరైడ్‌ని మొదటిసారి లేజర్‌తో చల్లబరిచారు. అమ్మోనియాకి ఆ దారి లేదు, అందుకే డిసలరేటర్.

అలా నెమ్మది చేసిన అమ్మోనియాని 2016లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బెత్లెమ్, ఉబాక్స్ వాళ్ల గ్రూపు ఫౌంటెన్‌లా పైకి విసిరారు. నిజంగానే పైకి విసిరి, గురుత్వాకర్షణకి కింద పడుతుంటే పట్టుకున్నారు, 266 మిల్లీసెకన్ల దాకా గాల్లో స్వేచ్ఛగా ఉన్నాయి. పైకి వెళ్లేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి మైక్రోవేవ్ తగిలిస్తే లైను వెడల్పు రెండు హెర్ట్జ్ దగ్గరికి రావచ్చు. వందలు ఎక్కడ, రెండు ఎక్కడ!

పాతపాఠకుడు:
అంతా బాగుంది గానీ తోకచుక్క అడిగిన మూడో ప్రశ్న అలాగే మిగిలిపోయింది. నేను ఈ ఫలితాలని ఇరవై ఏళ్లకి పైగా చదువుతున్నాను. 2021లో జర్మనీ జాతీయ కొలతల సంస్థ పీటీబీ వాళ్లు యిటర్బియం అయాన్‌లోని రెండు లైన్లని పోల్చి ఆల్ఫా మార్పు ఏడాదికి 10 పవర్ మైనస్ 18 స్థాయిలో కూడా కనపడలేదని తేల్చారు, సీజియం క్లాకుతో (సెకనుని నిర్వచించే ఆటమిక్ క్లాకు) కూడా కలిపి మ్యూకి 10 పవర్ మైనస్ 17 స్థాయి హద్దు ఇచ్చారు. అదే మాలిక్యూల్స్‌లో? 2008లో పారిస్‌లో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌తో ఏడాదికి 5.6 ఇంటూ 10 పవర్ మైనస్ 14, 2019లో జపాన్‌లో పొటాషియం రుబిడియం మాలిక్యూల్‌తో దాదాపు 10 పవర్ మైనస్ 14. వందల రెట్లు వెనకబడి ఉన్నారు. నేను కించపరచడం లేదు, కష్టం నాకు తెలుసు, కానీ ఆటమ్‌లు చాలవా అన్న ప్రశ్నకి సూటిగా జవాబు కావాలి.

లేజర్‌పిల్ల:
సర్, మీ అంకెలన్నీ కరెక్ట్, వెనకబడి ఉన్నామని ఒప్పుకుంటాను. కానీ సీజియం నుంచి మ్యూ ఎలా వస్తుందో చూడండి. సీజియం క్లాకు టిక్కు న్యూక్లియస్ అయస్కాంతత్వం మీద ఆధారపడుతుంది, అందులో మ్యూ ఉంది, ఆల్ఫా ఉంది, న్యూక్లియస్ లోపలి వ్యవహారం కూడా ఉంది. మూడూ ఒకేసారి మారితే ఏది ఎంత అని విడదీయడానికి న్యూక్లియర్ థియరీ మీద నమ్మకం పెట్టాలి. మాలిక్యూల్ ఊగడం, తిరగడం అనేది న్యూక్లియస్ బరువు తప్ప ఇంకేదీ పెద్దగా అడగదు. మ్యూని సూటిగా పట్టేది అదే. పైగా ఆల్ఫా మారితే మ్యూ దానికి 30, 40 రెట్లు మారాలి అని చెప్పే గ్రాండ్ యూనిఫికేషన్ మోడల్స్ (ప్రకృతిలోని వేరేవేరే బలాలు మూలంలో ఒకటే అనేవి) ఉన్నాయి, అవి నిజమైతే ముందు కనపడాల్సింది మ్యూలోనే.

రేడియోచెవి:
పాతపాఠకుడు గారూ, నా దృష్టిలో అసలు జవాబు ల్యాబ్‌లో లేదు, ఆకాశంలో ఉంది. 700 కోట్ల ఏళ్ల కిందటి గెలాక్సీలో ఎవరూ యిటర్బియం క్లాకు పెట్టలేదు. అక్కడ ఉన్నది ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట), సీహెచ్ (కార్బన్, హైడ్రోజన్ జంట), అమ్మోనియా, మెథనాల్ లాంటి మాలిక్యూల్స్. అవి అప్పుడు మింగిన రేడియో తరంగాల ముద్ర ఇప్పుడు మన డిష్‌కి చేరుతోంది. ఆ ముద్రని దేనితో పోల్చాలి? ఇక్కడ ల్యాబ్‌లో అదే మాలిక్యూల్ అదే లైను ఫ్రీక్వెన్సీతో. మన ల్యాబ్ అంకె లావుగా ఉంటే టెలిస్కోపు ఎంత పెద్దదైనా ఉపయోగం లేదు, పోలిక అక్కడే ఆగిపోతుంది.

ఓహెచ్‌కి సరిగ్గా ఇదే జరిగింది. 1612, 1665, 1667, 1720 మెగాహెర్ట్జ్ దగ్గర దాని నాలుగు లైన్లు రేడియో ఖగోళంలో ఎంత వాడుకలో ఉన్నా ల్యాబ్ విలువ మాత్రం 1970ల నాటి కొలతే. 2006లో కొలరాడోలో జున్ యే గ్రూపు స్టార్క్ డిసలరేటర్‌తో ఓహెచ్‌ని నెమ్మది చేసి కొలిస్తే 1665, 1667 లైన్లు పది హెర్ట్జ్ చుట్టూ ఖచ్చితత్వానికి వచ్చాయి. ఆ రోజు నుంచి ఆకాశంలో ఓహెచ్ కనపడిన ప్రతి చోటా కొలత విలువ పెరిగింది, ఎప్పుడో తీసి పెట్టిన డేటాకి కూడా.

లెక్కలపిచ్చి:
ఓహెచ్‌లో ఒక ముచ్చట, 1612.231కి 1720.530 కలపండి, 1665.402కి 1667.359 కలపండి. రెండూ 3332.761. నాలుగు లైన్లూ అవే నాలుగు లెవెల్స్ మధ్య కాబట్టి అలా రావాలి. దూరపు గెలాక్సీలో ఈ మొత్తాలు రెండూ కలవకపోతే స్థిరాంకం మారినట్టు కాదు, కొలతలో తప్పు ఉన్నట్టు. ప్రకృతే పెట్టిన చెక్ అది.

తోకచుక్క:
రేడియోచెవి గారూ, ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఆ గెలాక్సీ మన నుంచి దూరంగా పోతోంది, రెడ్ షిఫ్ట్‌తో అన్ని ఫ్రీక్వెన్సీలూ ఎలాగూ మారిపోయి వస్తాయి కదా, అందులో స్థిరాంకం వల్ల వచ్చిన మార్పు ఏదో ఎలా తెలుస్తుంది?

రేడియోచెవి:
రెడ్ షిఫ్ట్ అన్ని లైన్లనీ ఒకే నిష్పత్తిలో లాగుతుంది, ఎవరినీ వదలదు. మ్యూ మారితే మాత్రం ఒక్కో లైనూ ఒక్కో మోతాదులో జరుగుతుంది. కాబట్టి సున్నితమైన లైను ఒకటి, మొద్దు లైను ఒకటి తీసుకుని రెండిటి మధ్య తేడా చూడాలి. ఇక్కడ మెథనాల్‌కి సాటి లేదు. దాని 12.18 గిగాహెర్ట్జ్ లైను మ్యూ మారితే 33 రెట్లు స్పందిస్తుంది, 48 గిగాహెర్ట్జ్ దగ్గరి లైన్లు ఒక రెట్టే. రెండూ ఒకే మాలిక్యూల్‌లోవి. లోపల ఓహెచ్ గుంపు తిరిగే తిరుగుడులో టనెలింగ్ ఉంటుంది, అది మొత్తం మాలిక్యూల్ తిరిగే ఎనర్జీతో దాదాపు సరిపోయిన చోట ఈ వింత పుడుతుంది.

2013లో ఉబాక్స్ గ్రూపు జర్మనీలోని ఎఫెల్స్‌బర్గ్ 100 మీటర్ల డిష్‌తో పీకేఎస్ 1830-211 అనే క్వేజార్ (చాలా దూరంలో విపరీతంగా వెలిగే గెలాక్సీ కేంద్రం) ముందున్న గెలాక్సీలో ఈ మెథనాల్‌ని చూసింది. 700 కోట్ల ఏళ్ల కిందటి మాలిక్యూల్స్. మ్యూలో మార్పు సున్నా, పొరపాటుకి అవకాశం కోటిలో ఒక వంతు.

లెక్కలపిచ్చి:
ఆ కోటిలో ఒక వంతు అంటే ఎంతో లెక్కేశా. సున్నితమైన లైను 33 రెట్లు జరిగితే 33 ఇంటూ 10 పవర్ మైనస్ 7, దాన్ని డాప్లర్ వేగంగా (కదలిక వల్లే ఫ్రీక్వెన్సీ అంత జరగాలంటే కావాల్సిన వేగం) మారిస్తే కాంతి వేగం 3 లక్షల కిలోమీటర్లు ఇంటూ అది, దాదాపు సెకనుకి ఒక కిలోమీటరు. 48 గిగాహెర్ట్జ్ లైను మాత్రం సెకనుకి 30 మీటర్లే జరుగుతుంది. అంటే రెండు లైన్ల మధ్య ఒక కిలోమీటరు తేడా ఉందా లేదా అని చూస్తే చాలు. ఒకవేళ ఒక లైను అమ్మోనియాలోదీ ఇంకోటి వేరే మాలిక్యూల్‌దీ అయితే ఆ రెండు గ్యాసులూ మేఘంలో వేరేవేరే మూలల్లో ఉండి సెకనుకి కిలోమీటరు తేడాతో కదులుతున్నా స్థిరాంకం మారినట్టే కనపడుతుంది, మెథనాల్‌లో ఆ భయం చాలావరకు పోతుంది. చాలావరకే, పూర్తిగా కాదు, వేడి మెథనాల్ ఒక మూల చల్లది ఒక మూల ఉండొచ్చు.

పాతపాఠకుడు:
ఈ జాగ్రత్త ఎంత అవసరమో చెప్పడానికి నా అనుభవం ఒకటి రాస్తాను. 1999లో వెబ్ గ్రూపు హవాయి కెక్ టెలిస్కోపు డేటాతో క్వేజార్ల దారిలోని గ్యాస్ చూసి ఒకప్పుడు ఆల్ఫా చిన్నగా ఉండేదని రాసినప్పుడు నేను యవ్వనంలో ఉన్నాను, ఎంత ఉత్సాహపడ్డానో చెప్పలేను. తేడా లక్షలో ఒక వంతు చుట్టూ. తర్వాత 2011లో చిలీ టెలిస్కోపు డేటా కూడా కలిపితే ఆకాశంలో ఒక వైపు ఆల్ఫా పెరిగినట్టు ఇంకో వైపు తగ్గినట్టు వచ్చింది. ఆ తర్వాత 2015లో విట్‌మోర్, మర్ఫీ ఇద్దరూ ఆ స్పెక్ట్రోగ్రాఫుల (కాంతిని రంగులుగా విడదీసే పరికరాలు) వేవ్‌లెంగ్త్ స్కేలులోనే సాగినట్టుగా వంపు ఉందని, గ్రహశకలాల మీద పడి వచ్చిన సూర్యకాంతితో పోల్చి చూపించారు. మర్ఫీ ఆ తర్వాతి ఫలితాలు ఇచ్చిన వెబ్ బృందంలోని మనిషే, తన పాత ఫలితాన్నే తాను మళ్లీ నిలదీశాడు, ఆయన మీద గౌరవం అప్పటి నుంచి ఇంకా పెరిగింది. రేడియోచెవి గారి జవాబుతో నా ప్రశ్న తీరింది, ల్యాబ్ అంకె లేకపోతే ఆకాశం మాట అర్థం కాదన్నది నేను ఇంతకాలం సరిగ్గా పట్టించుకోలేదు.

సున్నాకెల్విన్:
నాకో డౌట్. కోటిలో ఒక వంతుని 700 కోట్ల ఏళ్లతో భాగిస్తే ఏడాదికి 1.4 ఇంటూ 10 పవర్ మైనస్ 17 వస్తుంది కదా, అంటే మెథనాల్ ఒక్కటే పొటాషియం రుబిడియం కంటే దాదాపు 700 రెట్లు మెరుగు, ఇంక ల్యాబ్‌లో ఏళ్ల తరబడి వాలు (ఏడాదికి ఎంత మారుతోందనేది) కొలవడం మానేయొచ్చా?

లెక్కలపిచ్చి:
అలా భాగించాలంటే మార్పు ఏడాదికింత అని సమానంగా జరిగిందని ఒప్పుకోవాలి బ్రదర్. ఎవరు చెప్పారు సమానంగా అని? డార్క్ ఎనర్జీ (విశ్వం విస్తరణని వేగవంతం చేసేది) పైచేయి అయ్యాక మార్పు ఆగిపోయే మోడల్స్ ఉన్నాయి, పైకీ కిందికీ ఊగే మోడల్స్ కూడా ఉన్నాయి, మరీ తేలికైన డార్క్ మాటర్ (కంటికి కనపడని పదార్థం) ఉంటే స్థిరాంకాలే గడియారం లోలకంలా ఊగాలంటారు. ఆకాశం అప్పటికీ ఇప్పటికీ మొత్తం తేడా చెప్తుంది, ల్యాబ్ ఈ రోజు వాలు చెప్తుంది. ఒకదాని పని ఇంకోటి చేయదు.

లేజర్‌పిల్ల:
దానికి తోడు కాలంతో సంబంధం లేని ఇంకో ప్రశ్న ఉంది. స్థిరాంకం చుట్టూ ఉన్న పదార్థం సాంద్రతని బట్టి మారుతుందా? భూమి మీద సాంద్రత ఎక్కువ, నక్షత్రాల మధ్య మేఘాల్లో దాదాపు శూన్యం. 2013లో ఇంపీరియల్ కాలేజీలో హిండ్స్, టార్‌బట్ గ్రూపు చల్లటి సీహెచ్ మాలిక్యూల్ 3.3 గిగాహెర్ట్జ్, 0.7 గిగాహెర్ట్జ్ లైన్లని కొన్ని హెర్ట్జ్‌ల ఖచ్చితత్వంతో కొలిచి, మన పాలపుంతలోని మేఘాల నుంచి వచ్చే సీహెచ్‌తో పోల్చారు. ఆల్ఫాలో గానీ మ్యూలో గానీ కోటిలో ఒకటి రెండు వంతులకి మించిన తేడా ఏదీ కనపడలేదు. నాకు ఈ ప్రయోగం అంటే ప్రాణం, ఎందుకంటే సీహెచ్ అయస్కాంతానికి ఎంత ఉలిక్కిపడుతుందో నాకు తెలుసు. మా దగ్గర వేరే మాలిక్యూల్‌తో నాలుగు నెలలు ఒక కొలత రోజుకో విలువ ఇచ్చింది, చివరికి చూస్తే పక్కన ఉన్న అయాన్ పంపు అయస్కాంతం షీల్డింగులోంచి లీక్ అవుతోంది. అది తీసి దూరంగా పెట్టిన రోజు లైను కదలకుండా నిలబడితే నేనూ మా జూనియరూ చాలాసేపు స్క్రీన్ వంకే చూస్తూ కూర్చున్నాం.

తోకచుక్క:
అక్కా (అలా పిలవొచ్చు కదా), ఒక ప్రశ్న. పాతపాఠకుడు గారు చెప్పిన ఆ జపాన్ ప్రయోగంలో స్పందన వేల రెట్లు అని ఎక్కడో విన్నా. వేల రెట్లు ఉంటే ఎప్పుడో ఆటమ్‌లని దాటేయాలి కదా?

లేజర్‌పిల్ల:
పిలువు తమ్ముడూ. అక్కడ చాలామంది పొరబడతారు. రెండు ఊగే లెవెల్స్, వేరేవేరే ఎలక్ట్రాన్ అమరికలవి, కాకతాళీయంగా దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి అనుకో. రెండిటి మధ్య తేడా చాలా చిన్నది, మైక్రోవేవ్ రేంజ్. మ్యూ మారితే ఒక్కో లెవెల్ దాని మొత్తం ఎత్తుకి తగ్గట్టు జరుగుతుంది కాబట్టి ఆ చిన్న తేడాతో పోలిస్తే జరుగుడు వేల రెట్లు కనపడుతుంది. కానీ హెర్ట్జ్‌లలో చూస్తే జరిగింది ఎప్పుడూ జరిగేంతే, ఏమీ పెరగలేదు. లాభం ఎక్కడంటే దాన్ని కొలవడానికి అంత పక్కా రిఫరెన్స్ క్లాకు అక్కర్లేదు, మామూలు మైక్రోవేవ్ సోర్స్ చాలు. అసలు పోటీ లైను ఎంత సన్నగా ఉందన్న దాంట్లో, ఎన్ని మాలిక్యూల్స్ దొరికాయన్న దాంట్లో. అందుకే కొలంబియాలో జెలెవిన్‌స్కీ గ్రూపు రెండు స్ట్రాన్షియం ఆటమ్‌లు కలిసిన మాలిక్యూల్‌ని లేజర్ లాటిస్‌లో పట్టి 32 టెరాహెర్ట్జ్ దగ్గర ఊగే క్లాకు చేస్తోంది, 2023లో సిస్టమాటిక్ పొరపాటుని (పరికరం, పరిస్థితుల వల్ల వచ్చే తేడాని) 10 పవర్ మైనస్ 14 స్థాయికి తెచ్చారు. ఇంకా దిగుతుంది.

తోకచుక్క:
సరే అక్కా, నేనూ ఒక లెక్క చేశా, తప్పైతే చెప్పు. అమ్మోనియా 24 గిగాహెర్ట్జ్, స్పందన 4.5, మ్యూ ఏడాదిలో 10 పవర్ మైనస్ 14 మారితే ఫ్రీక్వెన్సీ జరిగేది 0.001 హెర్ట్జ్. ఫౌంటెన్‌లో లైను వెడల్పు 2 హెర్ట్జ్ అన్నావు. అంటే లైనుని 2000 ముక్కలు చేసి అందులో ఒక ముక్క చూడగలగాలి.

లేజర్‌పిల్ల:
లెక్క కరెక్ట్. 2000 ముక్కలు చేయాలంటే దాని వర్గం, అంటే సుమారు 40 లక్షల మాలిక్యూల్స్ డిటెక్టర్‌కి చిక్కాలి. సెకనుకి 10 సార్లు విసిరి, విసిరిన ప్రతిసారీ ఒక్కటి దొరికినా 4 లక్షల సెకన్లు, నాలుగున్నర రోజుల పైన. వందసార్లు విసిరితే ఒక్కటి దొరికితే 460 రోజులు. ఫౌంటెన్‌లో పైకెళ్లినవి పక్కలకి చెదిరిపోతాయి, తిరిగి వచ్చి చిక్కేవి చాలా చాలా తక్కువ, మా రంగంలో అందరి నిద్ర పోయేది ఇక్కడే. ఇంకా చల్లగా చేస్తే చెదరడం తగ్గుతుంది, చల్లగా చేయబోతే ఉన్నవి కూడా దారిలో పోతాయి. నేను ఇప్పుడు చేస్తున్నది సరిగ్గా ఆ దారిలో పోయేవాటిని తగ్గించే పనే, ఈ రాత్రి కొత్త టైమింగ్ సీక్వెన్స్‌తో రన్ పెట్టాను, లేజర్ లాక్ తెల్లారేదాకా నిలబడితే ఎన్ని పెరిగాయో రేపు ఇక్కడే రాస్తా.